నా గొంతుతో తిరిగిన ఆటో

కొత్తగా చేరిన ఆశా కార్యకర్తలకు, వాళ్లను చూసుకునే సూపర్‌వైజర్లకు శిక్షణ ఇస్తూ, రిటైరైన నన్ను ఒకసారి పిలిచారు. చేతికి మైకిచ్చి అనుభవాలు చెప్పమన్నారు. నేను అరగంట సేపు టీకాల గురించి మాట్లాడాను. టీకాల గురించి ఆ పిల్లలకు నాకంటే బాగా తెలుసు. చప్పట్లు కొట్టారు, భోజనం పెట్టారు, పంపేశారు. ఇంటికొచ్చాక రెండు రోజులు నా మీద నాకే విసుగేసింది. చెప్పాల్సింది వేరే ఉంది, దాన్ని దాటేసి వచ్చాను. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలో ముప్పై ఏళ్లకు పైగా ఆరోగ్య శాఖలో చేశాను. మొదట ఏఎన్ఎం, తర్వాత సూపర్‌వైజర్. నా కింద కొన్ని ఊళ్ల ఆశాలు ఉండేవాళ్లు. ఆశా అంటే ఆ ఊరి మనిషే. ఆ ఊళ్లో గర్భిణీలను, పసిపిల్లలను, జ్వరాలను చూసుకునే ఆడమనిషి. ఊరు ఆమెను సర్కారు మనిషి అనుకుంటుంది. సర్కారు ఆమెను ఊరి మనిషి అనుకుంటుంది. రెండు పక్కల నుంచీ పని చెప్పేవాళ్లే కానీ, తిన్నావా అని అడిగేవాళ్లు తక్కువ. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను.

చివరి గడి

వల్లూరు, రాయచెర్లు పక్క నేను చేరిన కొత్తలో అన్నీ వేరుశనగ చేలు. గట్ల మీద అడ్డంగా నడిచి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేవాళ్లం. సోలార్ పార్కు వచ్చాక చేలు కౌలుకు పోయాయి, చుట్టూ కంచె పడింది, మా గట్లన్నీ లోపల ఉండిపోయాయి. ఇరవై నిమిషాల దారి గంట అయింది. ఆ కంచె పక్కనే నీడ లేకుండా నడవాలి. మ్యాపులో ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి పై ఆఫీసులో ఎవరికీ ఇది ఎక్కలేదు.

కరోనా వచ్చినప్పుడు బెంగుళూరు నుంచి మనవాళ్లు తిరిగొచ్చారు. పార్కులో పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు అద్దె గదుల్లో చిక్కుకుపోయారు. వీళ్లందరి తలుపులకు క్వారంటైన్ నోటీసు అంటించడం, చేతి మీద ముద్ర వేయడం, పద్నాలుగు రోజులు రోజూ పోయి జ్వరం చూసి రావడం ఆశాల పని. మా పై అధికారికి సాయంత్రం నాలుగున్నరకు జిల్లా నుంచి ఫోను వచ్చేది. అందుకని ఆయన నాకు నాలుగింటికి చేసేవాడు. అందుకని నేను ఆశాలకు మూడింటికి చేసేదాన్ని. ఆయన చెడ్డవాడని నేననను. వారాల తరబడి జీపులోనే అన్నం తిన్నాడు. కానీ ఆయనకు అంకెలు తప్ప ఇంకేమీ వినపడే స్థితి లేదు, మెల్లగా నాకూ ఆ జబ్బే అంటుకుంది.

ఆశాలను అడిగి నేను నింపాల్సిన ఫారంలో చివరి గడి ఒకటి ఉండేది. ఆశా కార్యకర్తకు ఏమైనా ఇబ్బంది ఉందా అని. కన్నడంలో 'ఇల్ల', అంటే లేదు, అని రాయాలి, లేదంటే ఇబ్బంది ఏమిటో రాయాలి. మొదటి వారం అడిగాను. రెండో వారం నుంచి ఫోను చేయకముందే అందరికీ 'ఇల్ల' అని రాసి పెట్టుకునేదాన్ని. పని త్వరగా అయ్యేది. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో అది చిన్నది.

ఆటో

పెద్ద తప్పు ఇది. నోటీసు అంటించిన ఇళ్లలోకి జనం వెళ్లి మాట్లాడి వస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి. చెత్త ఆటోకు మైకు కట్టి ఊరూరా చెప్పించాలని పంచాయితీవాళ్లు అన్నారు. ఏం చెప్పాలో తెలుగులో రాయమన్నారు. రాశాను. చదవడానికి మంచి గొంతు కావాలన్నారు. నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు, నాకూ ఆ సంబరం ఉండేది. ఫోనులో నేనే చదివి రికార్డు చేసిచ్చాను. చేతులు కడుక్కోండి, మాస్కు కట్టుకోండి, క్వారంటైన్ ఇళ్లకు పోయి వచ్చేవాళ్లకు దూరంగా ఉండండి. ఇంతే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆటో తిరిగేది.

మీరు ఇప్పటికే పట్టుకుని ఉంటారు. నాకు తట్టలేదు. క్వారంటైన్ ఇళ్లకు రోజూ పోయి వచ్చే మనిషి ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమెను పంపేది నేనే.

చెంబెడు నీళ్లు

వల్లూరు దాటి పోతే ఒక చిన్న ఊరు. అక్కడి ఆశా అంజినమ్మ. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త పార్కులో కాపలా పని, ఒక కూతురు, మోకాళ్లు బిగుసుకుపోయిన అత్త. నా దగ్గర ఉన్న ఆశాలలో అంజినమ్మ నాకు ఇష్టమైన మనిషి, ఎందుకంటే ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. మూడింటికి ఫోను చేస్తే లెక్క చెప్పేది, ఇంకేం సంగతి అంటే "అంతా బాగుండాది మేడం" అనేది. మిగతావాళ్లకు ఆమెను చూపించి నేర్చుకోమని చెప్పేదాన్ని. సూపర్‌వైజర్లు కాబోయే పిల్లలు ఇది రాసిపెట్టుకోండి. ఏ కష్టమూ చెప్పని మనిషిని మెచ్చుకుంటున్నామంటే మన పని తేలికవుతోందని మెచ్చుకుంటున్నామన్న మాట.

ఒకరోజు పదకొండు గంటల ఎండలో ఆ ఊరు పోయాను. పని ముగించుకుని అంజినమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మన పక్క ఇంటికొచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్లిచ్చి, ఆ తర్వాతే మాట. ఆమె నీళ్లు తేలేదు. కరోనా కాలం కదా, జాగ్రత్త అనుకున్నాను. నా సీసా ఖాళీ అయింది, నేనే అడిగాను. ఆమె అక్కడే నిలబడింది.

"సీసా తెచ్చుకోలేదా మేడం?"

"తెచ్చుకున్నా, అయిపోయింది. ఇయ్యి తల్లీ, నోరు ఎండుకుపోతాంది."

లోపలికి పోయి తెచ్చింది. ఒక్క గుక్కకే తెలిసిపోయింది. బోరు నీళ్లు. మన తాలూకాలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. పళ్లు పసుపెక్కుతాయి, కీళ్లు బిగుస్తాయి. అందుకే ప్రతి ఊళ్లో ఫిల్టరు ప్లాంటు, దాని ముందు క్యాన్ల వరుస. బోరు నీళ్లు తాగొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మనిషి అంజినమ్మ.

"ఫిల్టరు నీళ్లు అయిపోయినాయా?" అన్నాను.

"అయిపోయినాయి మేడం."

లోపలి నుంచి అత్త గొంతు వినపడింది. "అయిపోయేదేంది. తెచ్చుకోనిస్తే గదా అయిపోయేకి. ఇరవై దినాలాయ. ప్లాంటు కాడికి రావద్దన్యారు."

"ఎవరు రావద్దన్నారమ్మా?" అన్నాను. పేర్లు రాసుకుందామని పెన్ను కూడా తీశాను.

"మీరే గదమ్మా. ఆటోలో దినామూ మీరే చెప్తాండారు గదా."

అంజినమ్మ అత్త మీద కసిరింది. తర్వాత నాకు సర్దిచెప్పబోయింది. మేడం అందరి కోసం చెప్పినారు, నన్ను గురించి గాదు, జనం అట్లా అనుకున్యారు అని. నా తప్పును ఆమె నాకు సర్దిచెప్పడం విని నాకు సిగ్గేసింది. మాస్కు పైకి లాక్కున్నాను కాబట్టి మొహం కనపడలేదు.

మరి ఇరవై రోజులు ఎలా గడిచిందని అడిగాను. రాయచెర్లు ఆశా సరోజ మూడు రోజులకొకసారి తన బండి మీద ఒక క్యాను తెచ్చి కంచె మలుపు దగ్గర పెట్టి పోతుందట. ఆ నీళ్లు అత్తకు, కూతురికి. అంజినమ్మ, ఆమె భర్త బోరు నీళ్లే తాగుతున్నారు. నీళ్లొక్కటే కాదు. పాలు పోసే ఆమె గిన్నె దూరంగా పెట్టమంటోంది. కూతురిని ఆడుకోవడానికి ఎవరూ పిలవడం లేదు. భర్త మాట్లాడటం తగ్గించేశాడు.

"నాకెందుకు చెప్పలేదు అంజినమ్మా?"

ఆమె చీర కొంగు మడత పెట్టింది. "పొద్దున ఆటోలో మీ గొంతే. మూడింటికి ఫోనులో మీ గొంతే. ఎట్ల చెప్పల్ల మేడం?"

రేపు ఎవరు తెస్తారు

నాకు కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం ఊరి మీద వచ్చింది. ఖాళీ క్యాను పట్టుకుని ప్లాంటు దగ్గరికి నేనే పోయాను. అంజినమ్మ వద్దంటూనే ఉంది. వరుసలో పదిమంది ఉన్నారు. నన్ను చూసి అందరూ జరిగారు. ప్లాంటు చూసుకునే అతను ఎదురొచ్చి క్యాను తీసుకున్నాడు.

"మీరెందుకు మోస్తారు మేడం, ఇయ్యండీడ. పట్టిచ్చి పంపిస్తా."

"ఇది అంజినమ్మ క్యాను," అన్నాను.

అతని చెయ్యి ఆగింది. వరుసలో ఉన్న పెద్దాయన ఒకాయన నెమ్మదిగా అన్నాడు. "ఆయమ్మ మీద మాకేం కోపం లేదు మేడం. దూరం ఉండమని మీరే చెప్తిరి. ఇంట్లో పిల్లోళ్లుండారు గదా."

"నేను నిన్న ఎనిమిది ఇళ్లకు పోయొచ్చినానప్పా. నాకెట్లా దారిచ్చినారు?"

ఆ పెద్దాయనే, "మీరు ఆఫీసోళ్లు గదా," అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆఫీసు మనిషికి రోగం అంటదని కాదు, ఆఫీసు మనిషిని ఆపడం ఎవరికీ అలవాటు లేదు. ఊరి కోడలిని ఆపడం అందరికీ అలవాటే.

క్యాను తెచ్చి అరుగు మీద దించాను. ఏదో సాధించినట్టే అనిపించింది, అబద్ధం చెప్పను. అంజినమ్మ ఆ క్యాను వైపు చూసి, "రేపు ఎవరు తెస్తారు మేడం?" అంది.

ఆ సాయంత్రమే పై అధికారికి చెప్పి ఆటో ఆపించమన్నాను. వారాల తరబడి చెప్పిన మాటను వెనక్కి తీసుకుంటే జనం ఇంకా గాబరా పడతారని ఆయన అన్నాడు. కొత్త మాట రాసి పంపితే పైవాళ్లకు చూపించి చెప్తానన్నాడు. నేను సరేనన్నాను. మూడు రోజులు ఎదురుచూశాను. ఆ మూడు రోజులూ ఆటో నా గొంతుతోనే తిరిగింది. పంచాయితీకి పోయి మైకు వైరు పీకేస్తే నన్ను ఉరి తీసేవాళ్లు ఎవరూ లేరు. నేను పీకలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు గుచ్చుకునేవి ఆ మూడు రోజులే. రికార్డింగు తెలియక చేశాను, అది మాత్రం తెలిసే చేశాను.

నాలుగో రోజు కొత్త మాట వచ్చింది. ఆశాలు మన కోసం పనిచేస్తున్నారు, వాళ్లను గౌరవించండి అని. దాన్నీ నేనే చదివాను. దానివల్ల ఊరిలో ఏమీ మారలేదు. భయం ఒక్కసారి చెబితే చాలు ఇంట్లో కూర్చుంటుంది. గౌరవించమని ఎన్నిసార్లు మైకులో అరిచినా ఎవరూ లేచి తలుపు తీయరు.

మీరొద్దులే మేడం

రాయచెర్లు సరోజకు ఫోను చేశాను. నీకు ముందే తెలిసి నాకెందుకు చెప్పలేదని కొంచెం గట్టిగానే అడిగాను. సరోజ నోరున్న మనిషి.

"మీకు చెప్తే రాసుకుంటారు మేడం. రాసుకోని పైకి పంపిస్తారు. నీళ్లు యాడ తెస్తారు?"

మళ్లీ ఆమే అంది. శనివారం ఆశాలు ఆరోగ్య కేంద్రానికి వచ్చి వారం రిపోర్టు ఇవ్వాలి కదా, ఈ శనివారం తామంతా అంజినమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకుని, ఒకరి చేత పంపిస్తామని. అరసికెరె ఆశాను కూడా పిలుస్తానంది. నేను ఒప్పుకున్నాను. నేనూ వస్తానన్నాను.

"మీరొద్దులే మేడం," అంది సరోజ. "మీరొస్తే మీటింగయితాది."

ఆ మాట నాకు తగిలింది. తగిలినా పోలేదు. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పనుల్లో ఆ పోకపోవడం ఒకటి. జరిగింది సరోజ తర్వాత చెప్పింది. ఆరుగురు ఆడవాళ్లు, ఆరు ఊళ్ల నుంచి, పట్టపగలు, ఊరి నడిమధ్యన ఉన్న ఆ అరుగు మీద దూరం దూరంగా కూర్చున్నారు. అంజినమ్మ చేతి టీ తాగారు. రిపోర్టులు పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత రెండు గంటలు తిట్టుకున్నారు. ఊళ్లను, మొగుళ్లను, ఆఫీసును, నన్ను. నన్ను ఎక్కువ తిట్టారని సరోజ దాచకుండా చెప్పింది. అంజినమ్మ ఆ రోజు మొదటిసారి ఏడ్చిందట. ఏడ్చాక నవ్విందట. లేచేటప్పుడు ఆరుగురూ ఆమె క్యాను పట్టుకుని ప్లాంటుకు పోయారు. ఒక మనిషిని ఆపినవాళ్లు ఆరుగురిని ఆపలేకపోయారు.

నాలుగు శనివారాలు అలాగే చేశారు. అయిదో వారానికి అంజినమ్మ ఒక్కతే పోయి నీళ్లు తెచ్చుకుంది. వరుసలో ఆమెకు ముందూ వెనకా కాస్త ఎక్కువ జాగా వదిలేవాళ్లు. అది అలాగే ఉండిపోయింది.

నేను ఏఎన్ఎంగా ఉన్న రోజుల్లో, చికున్‌గున్యా వచ్చిన ఏడాది, నా మీద ఒక పెద్ద సూపర్‌వైజరమ్మ ఉండేది. కీళ్ల నొప్పులతో ఊరంతా మూలుగుతుంటే ఆమె మా ఇంటికొచ్చి వంటగదిలో పీట వేసుకుని కూర్చునేది. చిక్కుడుకాయలు వలుస్తూ మా అత్త సంగతులు, పిల్లల సంగతులు అడిగేది. రిజిస్టరు తెరిచేది కాదు. పని ఎగ్గొట్టే మనిషి అని నేను వెనకాల నవ్వుకునేదాన్ని. ఆమె చేసిందే పని అని తెలియడానికి నాకు ఇంత కాలం పట్టింది. తెలిసే నాటికి ఆమె లేదు.

సంచి

ఆ తర్వాత రెండో అల వచ్చింది, టీకాలు వచ్చాయి. ఆ ఊళ్లో టీకా వేయించుకోమని ఒప్పించింది అంజినమ్మే. ఆమెను వరుసలోంచి పంపేసినవాళ్ల ఇళ్లకు మూడుసార్లు, నాలుగుసార్లు తిరిగింది. నేను మూడింటి ఫోను మానలేదు, అది నా చేతిలో లేదు. కానీ లెక్క అడిగేముందు ఏం తిన్నావని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో అందరికీ వింతగా ఉండేది. చివరి గడి ఖాళీగా పెట్టుకుని, వాళ్లు చెప్పింది రాసేదాన్ని. పైవాళ్లు దాన్ని చదివారో లేదో తెలియదు.

అన్నీ సద్దుమణిగాక ఒకరోజు పొద్దున అంజినమ్మ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. పసిపిల్లలను తూచే కాటా, మందుల సంచి, రిజిస్టర్లు నా టేబుల్ మీద పెట్టింది. ఇంక చేయనంది.

"అంతా అయిపోయింది కదా అంజినమ్మా. కష్టకాలంలో చేసినావు, ఇప్పుడెందుకు?"

"అయిపోయిందని గదా మేడం ఇస్తాండా. నడిమధ్యన ఇచ్చింటే భయపడి పాయనంటారు."

ఉండమని బతిమాలాను. ఆమె చెప్పింది వినండి.

"నేను వాళ్ల ఇండ్లకు పోతే ఇప్పుడు బాగానే మాట్లాడ్తారు మేడం. కుర్చీ ఏస్తారు. నాకే లోపల బిగుసుకుంటాది. వాళ్ల బిడ్డను ఎత్తుకుంటే ఈ యమ్మే గదా ఆడుకునేకి పోతే నా బిడ్డను ఎల్లగొట్టింది అనిపిస్తాది. అట్లా అనుకుంటా బిడ్డను తూకం ఏసేది తప్పు. అందుకే ఒద్దంటాండా."

సంతకం పెట్టించుకున్నాను. ఆమె వెళ్లాక ఆ కాటాను బీరువాలో పెట్టి తాళం వేసి, గది తలుపు మూసుకుని ఏడ్చాను. జబ్బు వల్ల నా పరిధిలో కొందరు పోయారు. జబ్బు తాకకుండానే నేను పోగొట్టుకున్న మనిషి అంజినమ్మ.

మొన్న వల్లూరు పోయాను, దగ్గరి వాళ్ల గృహప్రవేశానికి. వస్తూ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాను. పార్కులో సోలార్ పలకలు కడిగే ఆడవాళ్ల గుంపు మధ్యాహ్నం పని దిగి వస్తోంది. అందులో అంజినమ్మ ఉంది. నెత్తికి తువ్వాలు, చేతిలో పొడుగు కర్ర బ్రష్షు. నన్ను చూసి నిలబడింది. ఇద్దరం టీ తాగాం. కూతురు హైస్కూలుకు పోతోందట. అత్త లేదట.

"ఈ పని ఎట్లా ఉందమ్మా?" అని అడిగాను.

"ఎండ ఎక్కువ మేడం. నిమ్మళంగా ఉండాది. పలకలు ఏమీ అనవు."

జరిగినదంతా రాస్తున్నానని చెప్పాను. నువ్వు ఇబ్బంది పడతావేమో, నీ పేరు మార్చేస్తాను, ఊరి పేరు ఉంచుతాను, చదివినవాళ్లకు బుద్ధి రావాలి అన్నాను. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. గుంపులో మిగతావాళ్లు ఆటో ఎక్కి ఆమెను పిలుస్తున్నారు.

"ఊరి పేరు రాయొద్దు మేడం. నా బిడ్డ ఆడనే బతకల్ల. వాళ్లూ భయపడినారు, ఏం చేస్తారు పాపం." బ్రష్షు తీసుకుని రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది. "నా పేరు మాత్రం మార్చొద్దు. నేను చేసిన పని గదా."

ఊరి పేరు రాయలేదు. ఆమె పేరు అంజినమ్మ.